అమ్మలూ, కార్డు చెరిపే ముందు

చి॥ల॥సౌ॥ అమ్మలుకి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

విజయనగరం తోటపాలెంలో మీ ఇంటి ముందుగది ఖాళీ చేయించి స్టూడియో పెడుతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్న దగ్గర్నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. మన ఇంటి ఆడపిల్ల పేరుతో బోర్డు లేస్తుందంటే నాకంటే సంతోషించేవాళ్ళు ఎవరున్నారు? కానీ గుంటడికి నాలుగేళ్ళు, చంటిదానికి ఇంకా ఎనిమిది నెలలే. అది రాత్రి ఎన్నిసార్లు లేస్తుందో కూడా మీ అమ్మ చెప్పింది. నా దిగులంతా అక్కడే ఉంది. కెమెరా పని నీకు వచ్చు. నిద్ర చాలని తల్లి ఆ పని ఎలా చేసుకోవాలో మాత్రం నీకు ఎవరూ చెప్పి ఉండరు.

సులువైనవి ముందు చెప్పేస్తాను. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, మధ్యలో ఎవరికీ డబ్బులివ్వకు. నీలాంటి చిన్న స్టూడియోకి ఏడాది రాబడి 20 లక్షలు దాటేవరకు జీఎస్టీ గొడవ ఉండదు. అప్పు కావాలంటే ముద్ర పథకంలో శిశు అనే చిన్న అప్పు కింద 50 వేల వరకు అడగొచ్చు. ఆ డబ్బుతో లైట్లు, స్టాండ్లు, బ్యాటరీలు కొను. కొత్త కెమెరా మాత్రం కొనకు. ఇంటి ఖాతా, స్టూడియో ఖాతా వేరుగా ఉంచు. బడులు తెరిచే రోజుల్లో పాస్‌పోర్టు సైజు ఫోటోలకే జనం వస్తారు. 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 413, 531 పిక్సెళ్ళు. 4-6 అంగుళాల కాగితం మీద ఎనిమిది పడతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ పెదనాన్నా నేనూ ఏడు రోడ్ల కూడలి దగ్గర స్టూడియో నడిపేటప్పుడు, రీలు పోయి డిజిటల్ వచ్చిన కొత్తలో, ఒక పెళ్ళి ఫోటోలు నా చేతుల్లోనే పోయాయి. జీలకర్రా బెల్లం నుంచి తలంబ్రాల దాకా ఒక్కటి మిగల్లేదు. ఎలా పోయాయో వివరంగా రాస్తాను. నాది తెలియనితనం కాదు, అలసట. అది నీకూ వస్తుంది.

ఒకే కంపెనీవి, ఒకే రంగువి రెండు మెమరీ కార్డులు ఒకే సంచిలో ఉన్నాయి. ఒకటి నిండింది, ఒకటి ఖాళీది. మీద ఏ గుర్తూ లేదు. తెల్లవారుజామున ఇంటికి చేరేసరికి పిల్లకి జ్వరం. పది గంటలకు ఇంకొకరింట్లో బారసాల. చేతికి దొరికిన కార్డు కెమెరాలో పెట్టి, ఖాళీదే కదా అనుకుని ఫార్మాట్ నొక్కేశాను. అది మొదటి తప్పు. దానికంటే పెద్ద తప్పు ఆ తర్వాతది. ఫార్మాట్ కొట్టగానే ఫోటోలు చెరిగిపోవు. ఏ ఫోటో ఎక్కడుందో చెప్పే పట్టీ ఒక్కటే పోతుంది. పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు అన్నమాట, పేజీలు లోపలే ఉంటాయి. వాటి మీద కొత్త ఫోటోలు రాసినప్పుడే పాతవి నిజంగా పోతాయి. నేను అదే కార్డు మీద బారసాల మొత్తం తీసేశాను. తర్వాత వెనక్కి తెప్పించబోతే పై సగం బొమ్మ, కింది సగం బూడిద రంగు పట్టీ వచ్చాయి. ఆ పెళ్ళివాళ్ళకి డబ్బు తిరిగి ఇచ్చేశాం. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

నువ్వు ఇలా చెయ్యి. నీ కెమెరాలో రెండు కార్డుల చోట్లున్నాయి. సెట్టింగ్‌లోకి వెళ్ళి, ఒక్కో ఫోటో రెండింటిలోనూ ఒకేసారి రాసేలా పెట్టు. ఒకటి నిండాక రెండోదానికి వెళ్ళే పద్ధతి కూడా ఉంటుంది, చూడ్డానికి లాభంగా కనిపిస్తుంది గాని దాని జోలికి పోవద్దు. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో ఒక రా ఫైలు (కెమెరా దిద్దకుండా దాచే అసలు ఫోటో) ఇంచుమించు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది, అంటే 64 జీబీ కార్డులో రెండు వేల ఫోటోలు పడతాయి. ఒక పెళ్ళికి అది చాలు. అంతకంటే పెద్ద కార్డు కొనకు, అన్ని గుడ్లూ ఒకే బుట్టలో పెట్టినట్టవుతుంది. ప్రతి కార్డు మీదా చెరగని మార్కర్‌తో అంకె వెయ్యి. ఆకుపచ్చ డబ్బాలో ఖాళీవి, ఎర్ర డబ్బాలో నిండినవి. నిండినదాన్ని పేరు కనపడకుండా బోర్లా పెట్టు, చీకట్లో చేత్తో తడిమినా తేడా తెలుస్తుంది. ఎర్ర డబ్బా కెమెరా బ్యాగులో వద్దు, రొంటిన దోపుకునే చిన్న సంచిలో నీ ఒంటి మీదే ఉండాలి. బ్యాగు మండపంలో పది చేతులు మారుతుంది. ఇంటికి బయల్దేరేటప్పుడు రెండో కార్డు నీతో వచ్చిన తమ్ముడి జేబులో పెట్టు, రెండూ ఒకే మనిషి దగ్గర ఉండకూడదు.

ఇంటికి రాగానే కాపీ చెయ్యమని అందరూ చెప్తారు. చంటిపిల్ల తల్లికి నేనా మాట చెప్పను. ఎర్ర డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసి, పిల్లకి పాలిచ్చి పడుకో. కార్డులో ఉన్న ఫోటో ఆరు గంటల్లో ఎక్కడికీ పోదు. నిద్రమత్తులో నొక్కిన మీట వల్ల పోతుంది. లేచాక, పిల్లలు తిన్నాక, కంప్యూటర్‌లోకి ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లోకి ఒకటి కాపీ చెయ్యి. కార్డులో ఎన్ని ఫైళ్ళున్నాయో, కాపీలో అన్నే ఉన్నాయో అంకె చూసుకో. మొదట్లోవి, మధ్యవి, చివరివి పది ఫోటోలు తెరిచి పూర్తి సైజులో చూడు. మూడో కాపీ ఇంకో డిస్క్‌లో పెట్టి మీ అమ్మ ఇంట్లో ఉంచు. హుద్‌హుద్‌నాడు, తిత్లీనాడు మన పక్క ఏమైందో నువ్వూ చూశావు కదా, ఒక్క కప్పు కింద అన్నీ దాచుకోవద్దు. ఒక నోటుబుక్కు పెట్టి, కార్డు అంకెకు ఎదురుగా కంప్యూటర్ కాపీకి ఒకటి, డిస్క్ కాపీకి ఒకటి, రెండు టిక్కులు పడ్డాకే ఆ కార్డు ఆకుపచ్చ డబ్బాలోకి వెళ్ళాలి. ఫార్మాట్ అన్నది తర్వాతి పని ఉన్న రోజు పొద్దున్న, ఆ టిక్కులు చూసి, కెమెరాలోనే చెయ్యి. కంప్యూటర్‌లో చెయ్యొద్దు.

ఇంత చేసినా ఎప్పుడైనా చెరిగితే, వెంటనే కార్డు బయటికి తీసి పక్కనున్న చిన్న మీట తాళం వైపు జరుపు. ఇంకొక్క ఫోటో తియ్యకు. రికవరీ ప్రోగ్రామ్ ఏదైనా సరే, తిరిగొచ్చిన ఫోటోలు వేరే డిస్క్‌లోకే వెళ్ళాలి, అదే కార్డులోకి కాదు. ఇది ఒక కాగితం మీద రాసి గోడకి అంటించు. కంగారులో గుర్తుండదు.

నీకు భయం పెట్టాలని కాదే తల్లీ. పని ఎంత తీసుకోవాలో కూడా దీన్నిబట్టే లెక్క వేసుకోమంటున్నాను. ఒక పెళ్ళంటే అక్కడ పన్నెండు గంటలే అనుకుంటారు. పదిహేను వందల ఫోటోల్లోంచి నాలుగు వందలు ఏరడానికి ఒక పూట, రంగులు సరిచేయడానికి రెండు రోజులు, 12-36 అంగుళాల సైజులో ముప్ఫై షీట్ల ఆల్బమ్ పేర్చడానికి ఇంకో రెండు రోజులు. పిల్లలు పడుకున్నాకే ఇవన్నీ చేస్తావు కాబట్టి నీకు రెట్టింపు పడుతుంది. మాఘంలో వరసగా మూడు ముహూర్తాలు వస్తే ఒకటే ఒప్పుకో. ఆషాఢం, పుష్యం, మూఢం రోజుల్లో పెళ్ళిళ్ళుండవు కాబట్టి ఆ నెలల ఖర్చు ముందే పక్కన పెట్టు. బుకింగ్‌కి మూడో వంతు, పెళ్ళికి ముందు రోజు మూడో వంతు, ఆల్బమ్ చేతికిచ్చేటప్పుడు మిగతాది తీసుకో. మొహమాటపడకు. మన చుట్టాలైనా సరే.

రాత్రి పెళ్ళికి వెళ్ళే ముందు పాలు పిండి పెట్టేటట్టయితే, నాలుగు గంటలు బయట ఉంచొచ్చన్న మాట 25 డిగ్రీల లోపు గదికి. మన ఎండలకి అది కుదరదు. పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టు, నాలుగు రోజుల లోపు వాడు. తెల్లవారుజామున హైవే మీద స్కూటీ వద్దు. ఎవరైనా తోడుంటేనే వెళ్ళు, లేదా వాళ్ళింట్లోనే తెల్లారేదాకా కూర్చో.

స్టూడియో ఇంట్లోనే కాబట్టి గుంటడి చేతికి అందేవన్నీ చూసుకో. రిమోట్లలో వేసే సీఆర్ 2032 లాంటి బిళ్ళ బ్యాటరీలంటే నాకు నిద్ర పట్టదు. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోవడం మొదలవుతుంది. అనుమానం వచ్చినా చాలు, ఎదురు చూడకుండా బేగి ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళిపో. వాడేసిన బ్యాటరీకి కూడా టేపు చుట్టి తాళం వేసే డబ్బాలో పెట్టు. లైటు స్టాండు ప్రతిదాని కాలికీ ఇసుక సంచి వెయ్యి, వైర్లు నేలకి టేపు వేసి అంటించు.

మన పక్క గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో లెన్స్ బ్యాగులోనే వదిలేస్తే లోపల సాలెగూడులా బూజు పడుతుంది, ఒకసారి పడితే అద్దం మీద పూత కూడా తినేస్తుంది. గాలి చొరని మూత డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు వేసి, చిన్న తేమ మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచు. నీలం గుళికలు కొనకు, వాటికి వేసే కోబాల్టు విషం. పిల్లలున్న ఇంట్లో నారింజ రంగువే వాడు. కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గరో, బారువలోనో బయట ఫోటోలు తీస్తే ఇసుకలో లెన్స్ మార్చకు, ఇంటికి రాగానే తడిపి పిండిన గుడ్డతో ఉప్పు తుడువు. మన సముద్రం తూర్పున కాబట్టి బంగారు వెలుగు పొద్దున్నే దొరుకుతుంది. సాయంత్రం అదే వెలుగు కోసం వెళ్ళేవాళ్ళకి సూర్యుడు వెనక ఊళ్ళోకి దిగిపోయి కనిపిస్తాడు.

పసిపిల్లల ఫోటోలు నీకు బాగా కలిసొస్తాయి, నువ్వూ తల్లివి కాబట్టి బాలింత నీ మీద నమ్మకం పెట్టుకుంటుంది. పురిటి శుద్ధి అయ్యేదాకా పిలవరు, అప్పటికి బిడ్డ పదకొండు రోజులది. గది 27 డిగ్రీల దాకా వెచ్చగా ఉండాలి, ఫ్యాను ఆపి, కడుపు నిండా పాలు తాగాకే మొదలుపెట్టు. కిటికీ వెలుగు తల వైపు నుంచి ముక్కు మీదుగా కిందికి జారాలి. కాళ్ళ వైపు నుంచి వస్తే ముఖం బాగోదు. చేతుల మీద గడ్డం ఆనించి కూర్చోబెట్టిన ఫోటోలు చూసి అలా ప్రయత్నించకు, అవి రెండు ఫోటోలు కలిపి చేసినవి, ఒకదానిలో తల పట్టుకున్న చెయ్యి ఉంటుంది. బుట్ట నేల మీదే ఉంచి, అమ్మమ్మ చెయ్యి ఎప్పుడూ అందేంత దూరంలో ఉండాలి. దిద్దేటప్పుడు దిష్టిచుక్క చెరపకు, అడక్కుండా చెరిపితే మామ్మలు బాధపడతారు. బిడ్డ ఫోటో నీ పేజీలో పెట్టాలంటే తల్లీతండ్రీ రాసిచ్చాకే పెట్టు.

మండపంలో ఎల్‌ఈడీ లైట్లు పట్టీలు పట్టీలుగా పడి ఫోటో పాడుచేస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవకరకం లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. షట్టర్ వేగం సెకనులో 1/100 వంతు కాని 1/50 వంతు కాని పెట్టు, చప్పుడులేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపెయ్యి. పురోహితుడి దగ్గరికి ముందే వెళ్ళి నమస్కారం పెట్టి, అడ్డుతెర ఎప్పుడు దింపుతారో, తాళి కట్టేటప్పుడు ఏ వైపు కూర్చుంటారో అడుగు. ఆయన ఒక్క క్షణం ఆగితే నీకు ఫోటో దొరుకుతుంది.

ఇంకొకటి, మీ ఊరికే ఉన్న అవకాశం. దసరా అయ్యాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం, ముందురోజు తొలేళ్ళు. ఆ రెండు రోజులూ ఎక్కడెక్కడి చుట్టాలూ ఇంటికి చేరతారు. కుటుంబం అంతా ఒకచోట దొరికేది అప్పుడే. తొలేళ్ళ పొద్దున్న ఇంటికెళ్ళి గ్రూపు ఫోటో తీస్తానని ఇప్పట్నుంచే చెప్పి ఉంచు. రెండు వరసలకి లెన్స్ అపెర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 8, ఫోకస్ ముందు వరస కళ్ళ మీద, వాళ్ళు నిలబడ్డట్టే ఉండగా కనీసం పది ఫోటోలు తియ్యి, ఎవరో ఒకరు కళ్ళు మూస్తారు. సిరిమాను రోజు మాత్రం ఆ జనంలోకి చంటిదాన్ని తీసుకెళ్ళకు.

ఆర్టీసీ కార్గోలో మీ పెదనాన్న ట్రైపాడ్ పంపుతున్నాను. మధ్య కాడ మర కొంచెం వదులు, కెమెరా పెట్టే ముందు బిగించి చూసుకో. అందులోనే గుడ్డలో చుట్టి ఎర్ర డబ్బా ఒకటి, ఆకుపచ్చ డబ్బా ఒకటి పెట్టాను. అందగానే ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం చెయ్యి, రాత్రి వద్దు. రాత్రి నువ్వు పడుకోవాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ
శ్రీకాకుళం