ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: సార్, నాకు 27 ఏళ్లు. మాది హన్మకొండ. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. నెలకు చేతికి 58,000 వస్తుంది. రూమ్ అద్దె, తిండికి 16,000, ఇంటికి 15,000, బైక్ ఈఎంఐ 4,200, మ్యూచువల్ ఫండ్ సిప్ 5,000, పెట్రోలు, ఫోను వగైరాకు 6,000 పోతాయి. 1,10,000 ఎఫ్‌డీ ఉంది. క్రెడిట్ కార్డు మీద 38,000 బాకీ ఉంది, నెలనెలా మినిమం డ్యూ కడుతున్నా. ఇంజినీరింగ్ రోజుల నుంచి మేం ఐదుగురం ఒక గ్యాంగ్. నిరుడు కేదార్‌కంఠ ట్రెక్, గోకర్ణ, హంపి, కూర్గ్, వర్కల తిరిగాం. నా వాటా మొత్తం 64,000 అయింది. ఇంకో 11 నెలల్లో, అక్టోబరుకి ఎవరెస్ట్ బేస్ క్యాంప్, ఆ తర్వాతి ఏడాది వియత్నాం అనుకుంటున్నాం. ఖాట్మండు నుంచి మళ్లీ ఖాట్మండు దాకా మనిషికి 62,000 అని ఒక ఏజెన్సీ చెప్పింది. రివార్డు పాయింట్లు బాగా వస్తాయి కాబట్టి ఐదుగురి డబ్బూ నా కార్డు మీదే కట్టెయ్యమంటున్నారు. బ్యాంకు వాళ్లు లిమిట్ కూడా పెంచుతామన్నారు. నేను లక్షన్నర లోన్ తీసుకోవాలా, ఎఫ్‌డీ తీసెయ్యాలా? మాలో ఒకడు మనలో మనమే చీటీ వేసుకుందాం అంటున్నాడు. నెలాఖరుకి నా దగ్గర ఏమీ మిగలడం లేదు. కానీ ఈ ట్రెక్ మాత్రం వదులుకోలేను.

జవాబు: వదులుకోమని చెప్పను. 27 ఏళ్లప్పుడు మోకాళ్లు ఇచ్చే సహకారం 47కి ఇవ్వవు, అదీ ఒక ఆర్థిక వాస్తవమే. లోన్ మాత్రం వద్దు. ఎఫ్‌డీలో కొంత తీయండి, అయితే ట్రెక్ కోసం కాదు. ఇక అక్టోబరు కాస్తా ఆపై ఏప్రిల్ అయితే మీ చేతిలో ఉన్న డబ్బుతోనే ఇది అయిపోతుంది.

ముందు కార్డు సంగతి. మినిమం డ్యూ కడుతూ పోతే చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ పడుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. 38,000కి ఇది నెలకు దాదాపు 1,570. అదే 38,000 మీ ఎఫ్‌డీలో 7 శాతం చొప్పున తెస్తున్నది నెలకు 220. కుడిచేత్తో 220 తీసుకుని ఎడమచేత్తో 1,570 కడుతున్నారన్నమాట. ముందే తీసినందుకు బ్యాంకు అర శాతమో ఒక శాతమో వడ్డీ తగ్గించినా సరే, ఎఫ్‌డీలోంచి 38,000 తీసి ఈ వారమే కార్డు కట్టేయండి. మిగిలిన 72,000 జోలికి పోవద్దు. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైనా మీకున్న అడ్డు అదొక్కటే, అదీ రెండు నెలల ఖర్చుకు కూడా చాలదు.

ఇప్పుడు ఐదుగురి డబ్బు మీ కార్డు మీద కట్టడం. ఉత్తరంలో మీరు మాటవరసకి రాసినట్టున్నారు గానీ, నన్ను ఎక్కువ కంగారుపెట్టింది ఇదే. కార్డు వాడితే 45, 50 రోజులు వడ్డీ ఉండదని అందరికీ తెలుసు. పాత బాకీ ఒక్క రూపాయి మిగిలున్నా ఆ గడువు రద్దవుతుందని చాలామందికి తెలియదు. అంటే 38,000 అలాగే ఉండగా మీరు ఐదుగురికి 3,10,000 గీకితే, దాని మీద వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది. నెల తిరిగేసరికి జీఎస్టీతో కలిపి 12,800. వచ్చే పాయింట్ల విలువ ఒక శాతం అనుకున్నా 3,100.

సరే, పాత బాకీ తీర్చేశాకే గీకారనుకుందాం. అప్పుడు కూడా నలుగురూ బిల్లు తేదీలోపు డబ్బు పంపాలి. ముగ్గురు పంపుతారు. నాలుగోవాడు మంచివాడే, కాకపోతే ఆ నెల వాడి అక్కకి సీమంతం, వచ్చే నెల పక్కా అంటాడు. మీరు అడగలేరు. వాడు మర్చిపోతాడు. బిల్లు మాత్రం మీ పేరునే వస్తుంది, ఆలస్యమైతే దెబ్బతినేది మీ క్రెడిట్ స్కోరే. ఎవరి అడ్వాన్సు వాళ్లే నేరుగా ఏజెన్సీకి కట్టాలి, ఎవరి రసీదు వాళ్ల పేరున ఉండాలి. దారి ఖర్చులకు తలా పదివేలు ముందే ఒకరి ఖాతాలో వేసి, అందులోంచి వాడుకోండి. అయిపోతే మళ్లీ తలా కొంత వేయండి. తర్వాత లెక్క చూసుకుందాం అన్న పద్ధతి ఐదుగురిలో ఎప్పుడూ ఒకరికే నష్టం. మీ ఉత్తరం చూస్తే ఆ ఒకరు మీరేనని అనుమానంగా ఉంది.

ఇంకో మాట. ఒకరు చివర్లో మానేస్తే తిరిగిరాని డబ్బు ఎవరిది? గైడ్, పోర్టర్ల ఖర్చు ఐదుగురి మీద పంచి చెప్పిన ధర నలుగురైతే పెరుగుతుంది. మానేసినవాడే తన వాటా భరిస్తాడని అడ్వాన్సు కట్టకముందే వాట్సాప్ గ్రూపులో ఒక లైను రాసుకోండి. స్నేహం చెడదు, రాసుకోకపోతేనే చెడుతుంది.

చీటీ. మన దగ్గర ఎంతోమంది ఇళ్లు కట్టిందీ పెళ్లిళ్లు చేసిందీ చీటీలతోనే, దాన్ని చిన్నచూపు చూడను. అయితే సభ్యులకు డబ్బు అవసరం వేర్వేరు నెలల్లో వస్తేనే చీటీ నడుస్తుంది. ఒకరికి తొందర ఉండి పాడుకుంటారు, ఇంకొకరు ఆగి డివిడెండ్ తింటారు. మీ ఐదుగురికీ డబ్బు కావాల్సింది ఒకే నెలలో. అందరూ ఆ నెలే పాడుకోవాలంటే ఎలా? ముందు నెలల్లో తీసుకున్నవాడు ఆ డబ్బుతో ఫోను కొనడని గ్యారంటీ ఏమిటి? పైగా 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ కాని చీటీలో ఎవరైనా ఎగ్గొడితే పోయి అడిగే చోటుండదు. అందరికీ ఒకే తేదీకి డబ్బు కావాలంటే ఎవరి బ్యాంకులో వాళ్లు రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) వేసుకోవడమే సరి. మీ ఆదాయం ఏడాదికి 12 లక్షల లోపే కాబట్టి కొత్త పన్ను విధానంలో ఆ వడ్డీ మీద మీకు పన్ను కూడా పడదు. ఈ సొమ్మును ఈక్విటీ ఫండ్లలో పెట్టొద్దు. విమానం టికెట్లు కొనాల్సిన నెలలోనే మార్కెట్ పడితే కూర్చుని ఎదురుచూడలేరు.

ఇప్పుడు ట్రెక్ అసలు ధర. 62,000 అన్నది మొదటి మెట్టు మాత్రమే. అందులో నడక మొదలయ్యే లుక్లా దాకా విమానం కూడా ఉందనుకునే లెక్కేశాను, లేకపోతే ఇంకా పెరుగుతుంది. హైదరాబాద్ నుంచి ఖాట్మండు రానుపోను 25,000. బూట్లు, థర్మల్స్, రెయిన్‌కోటు లాంటివి కొనడానికి, డౌన్ జాకెట్, స్లీపింగ్ బ్యాగ్ ఖాట్మండులోని థమేల్ దుకాణాల్లో అద్దెకు తీసుకోవడానికి కలిపి 15,000. బీమా 5,000. గైడ్, పోర్టర్ల టిప్పులు, దారిలో చిల్లర ఖర్చులు 15,000. ఆ చిల్లరని తక్కువ అంచనా వేయకండి. పైకి పోయేకొద్దీ వేడినీళ్లకు, ఫోను ఛార్జింగ్‌కు, వైఫైకి విడివిడిగా డబ్బు తీసుకుంటారు. చాలా సరుకు మనిషి వీపు మీదో జడల బర్రె వీపు మీదో రావాల్సిందే మరి. లుక్లా విమానాలు వాతావరణం బాగోక ఆగిపోవడం మామూలే, సీజన్లో వాటిని ఖాట్మండు నుంచి కాక నాలుగైదు గంటల దూరంలోని రామేఛాప్ నుంచి నడుపుతుంటారు. అందుకని రెండు రోజులు అదనంగా, ఖాట్మండు హోటల్‌తో సహా ఇంకో 8,000. మొత్తం 1,30,000.

మీరు రాసిన ఖర్చులు తీసేస్తే నెలకు 11,800 మిగలాలి. 11 నెలలకు 1,29,800. కాగితం మీద అక్టోబరుకి సరిగ్గా సరిపోతోంది. కానీ ఆ 11 నెలలూ బండి రిపేరుకు రాకూడదు, మీరు ఎక్కడికీ కదలకూడదు. పైగా ఏడాదికి మిగలాల్సిన 1,41,600లో నిరుటి ప్రయాణాలకు పోయింది 64,000 అయితే తక్కిన 77,600 ఎటు పోయింది? దాన్ని కొండలు తినలేదు. మూడు నెలల బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు ముందేసుకుని చూడండి, జవాబు మీకే కనిపిస్తుంది. జీతం పడిన మర్నాడే 11,800 ఆర్‌డీకి పోయేలా పెట్టండి. నెలాఖరుకి మిగిలింది దాద్దామనుకుంటే మీ విషయంలో ఏమీ మిగలదని మీరే రాశారు.

ఏప్రిల్ దాకా ఆగితే 17 నెలలు, 2,00,600. ట్రెక్‌కి 1,30,000 పోగా, ఎఫ్‌డీలోంచి తీసిన 38,000 తిరిగి పెట్టేయొచ్చు, ఇంకా 32,000 పైన మిగులుతుంది. ఏప్రిల్ కూడా మంచి సీజనే, దిగువ అడవుల్లో రోడోడెండ్రాన్లు పూసే కాలం. మరి అక్టోబరు ఖాళీ పోవాలా అంటే అక్కర్లేదు. పశ్చిమ బెంగాల్‌లో నేపాల్ సరిహద్దున సందక్‌ఫూ ఉంది, 3,636 మీటర్లు. ఆకాశం తేటగా ఉంటే ఎవరెస్ట్, లోట్సే, మకాలు, కాంచన్‌జంగ నాలుగూ అక్కడి నుంచి కనిపిస్తాయి. రైల్లో న్యూజల్పాయిగురి దాకా వెళ్తే పాతిక, ముప్పైవేలలో ముగించొచ్చు. ఆ మిగిలిన 32,000 దానికే. వారాంతాలకు భువనగిరి కొండ ఎక్కండి. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిందంటే, ఆమె శిక్షణ మొదలైంది ఆ బండ మీదే. మీ ప్రాక్టీసుకు పెట్రోలు ఖర్చు తప్ప ఏముంది?

లోన్ తీసుకుంటే ఏమవుతుందో కూడా చెప్పాలి కదా. లక్షన్నర, 14 శాతం, 24 నెలలు అనుకుంటే ఈఎంఐ 7,200. వడ్డీయే 22,800, ప్రాసెసింగ్ ఫీజు వేరు. ట్రెక్ రెండు వారాల్లో అయిపోతుంది, కంతు రెండేళ్లు నడుస్తుంది, మధ్యలో వియత్నాం వస్తుంది. అప్పుడు దానికీ లోనే.

గ్యాంగులో ఈ సంగతి ఎలా చెప్పాలా అన్నది మీ అసలు ఇబ్బంది అనుకుంటా. ఒక ఉపాయం. ఐదుగురూ ఈ ట్రెక్‌కి తాము పెట్టగలిగిన గరిష్ఠ మొత్తాన్ని పేరు రాయకుండా చీటీ మీద రాసి మడిచి ఇవ్వండి. అన్నిటికన్నా చిన్న అంకే అందరి బడ్జెట్. మామూలుగా ఎక్కువ జీతం ఉన్నవాడు హోటల్ ఎంచుతాడు, తక్కువ ఉన్నవాడు నవ్వుతూ ఈఎంఐ పెట్టుకుంటాడు. అక్టోబరు కష్టమన్నది మీరొక్కరే కాదని ఆ చీటీలు విప్పితే తేలినా తేలొచ్చు.

బీమా దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. బేస్ క్యాంప్ 5,364 మీటర్లు, ఉదయాన్నే దగ్గర్లోని కాలాపత్థర్ కొండ ఎక్కితే 5,500 దాటుతారు. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు ఒక ఎత్తు దాటితే పనిచేయవు. పాలసీ పత్రంలో ఎన్ని మీటర్ల దాకా అన్నది చదవండి, 6,000 అని ఉండాలి, హెలికాప్టర్ తరలింపు అని విడిగా రాసి ఉండాలి. హెలికాప్టర్ పిలిచే ముందు బీమా కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయాలన్న షరతు సాధారణంగా ఉంటుంది. కొంచెం తలనొప్పి అనగానే ట్రెక్కర్లను హెలికాప్టర్ ఎక్కించి, ఒకే విమానానికి నలుగురి పేర్ల మీద నాలుగు బిల్లులు పెట్టిన మోసాల మీద 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపించింది. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా సాధారణంగా దేశం దాటితే పనికిరాదు.

ఏజెన్సీని రెండు ప్రశ్నలు అడగండి. దారిలోని నామ్చే బజార్‌లో ఒకటి, ఇంకా పైన డింగ్‌బోచేలో ఒకటి, శరీరం ఎత్తుకు అలవాటు పడే విశ్రాంతి రోజులు ప్లానులో ఉన్నాయా? ధర తగ్గించేవాళ్లు ముందు కోసేది ఆ రోజుల్నే. రెండోది, బేస్ క్యాంప్ దారి ఉన్న సాగర్‌మాతా నేషనల్ పార్క్ ప్రవేశ రుసుము ఏ రేటున వేశారు? ఇతర విదేశీయులకు 3,000 నేపాలీ రూపాయలైతే మనలాంటి సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాల వాళ్లకు 1,500, పన్ను వేరు. మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయల చొప్పున మారకం స్థిరంగా ఉంది కాబట్టి ఎవరు ఎంత కలిపారో మీరే లెక్కేసుకోవచ్చు. వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టుగానీ ఓటరు కార్డుగానీ ఉండాలి, మీ వయసువాళ్లకు ఆధార్ చూపిస్తే విమానం ఎక్కనివ్వరు.

ఇంటికి 15,000 పంపుతున్నారు, బాగుంది. అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా ఉందో లేదో రాయలేదు. రేషన్ కార్డు ఉంటే తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద 10 లక్షల దాకా వస్తుంది, పేర్లు సరిగ్గా ఉన్నాయేమో ఒకసారి చూడండి. లేకపోతే వాళ్లకు ఒక పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా లేదు. ఆర్‌డీ కాస్త తగ్గినా ఫర్వాలేదు, ముందు ఇది. సిప్ 5,000 మాత్రం ఆపొద్దు.

వియత్నాం గురించి ఇప్పుడు రెండు మాటలే. ఈ-వీసాకు 25 డాలర్లు. ప్యాకేజీ కొంటే ఏజెన్సీ టీసీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తుంది. మీకు పన్నే లేదు కాబట్టి రిటర్ను వేస్తే అదంతా తిరిగొస్తుంది, వేయకపోతే పోయినట్టే. పన్ను పడకపోయినా మీ జీతానికి రిటర్ను వేయడం ఎలాగూ తప్పనిసరి. అక్కడ స్వైప్ చేస్తే చాలా కార్డులు రెండు నుంచి మూడున్నర శాతం అదనంగా వేస్తాయి, దాని మీద జీఎస్టీ. మెషీన్ రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దని అక్కడి కరెన్సీ డాంగ్‌లోనే కట్టండి. ఆ టికెట్లు కొనేముందు మళ్లీ రాయండి, కార్డు బాకీ సున్నా అయిందో లేదో అందులో మొదటి వాక్యంగా రాయండి.