పాఠకుల ప్రశ్నలు: వైకింగ్ కాలపు జంట బ్రోచ్‌లు

ప్రశ్న: స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి తాబేటి చిప్పల్లా ఉబ్బెత్తుగా ఉన్న రెండు కంచు బ్రోచ్‌లు పంపింది. వెయ్యేళ్ల కిందటి స్త్రీలు ధరించిన వాటికి ఇవి నకళ్లట. రెండూ ఒకేలా ఎందుకున్నాయి? అసలు వాటిని ఇవి ఎంతవరకు పోలి ఉన్నాయో తెలుసుకోవడమెలా? పట్టుచీర పైటకు పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ అమ్మాయి జతగా పంపడమే సబబు. 9, 10 శతాబ్దాల స్కాండినేవియాలో చాలామంది స్త్రీలు లోపలి దుస్తుల మీద, భుజాలకు పట్టీలుండే గౌను తొడిగేవారు. వీపు వైపు నుంచి భుజం మీదుగా వచ్చే పొడవాటి పట్టీ చివరి ఉచ్చునూ, ఎదమీది అంచుకు కుట్టిన పొట్టి ఉచ్చునూ ఒకే సూదికి ఎక్కించి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటిగా ఈ బ్రోచ్‌లతో బిగించేవారు. చూపులకు నగలే అయినా, ఇవి లేనిదే గౌను ఒంటిమీద నిలవదు. రెండింటి మధ్య పూసల దండలు వేలాడేవి. కొందరు వీటికే గొలుసుతో కత్తెర, సూదుల డబ్బీ, తాళంచెవి కూడా తగిలించుకునేవారు. గోట్లాండ్ దీవి స్త్రీలది మాత్రం వేరే వాడుక. వారి బ్రోచ్‌లు జంతువు తల ఆకారంలో ఉండేవి.

ఈ సంగతులు మనకు తెలిసింది ప్రధానంగా బ్రోచ్‌ల వెనుక భాగం వల్లనే. స్టాక్‌హోమ్‌కు పడమరన, మాలరెన్ సరస్సులోని ఒక దీవిపై వెలసిన బిర్కా పట్టణంలో యాల్మార్ స్టోల్పె 1870ల నుంచి సుమారు 1,100 సమాధులను తవ్వించాడు. బట్టలు దాదాపుగా మట్టిలో కలిసిపోయినా, కంచు చిలుమూ ఇనుప సూది తుప్పూ తగిలినచోట మాత్రం ఉచ్చుల పీలికలు సూదిని అంటిపెట్టుకుని మిగిలాయి. బిర్కా బట్టలపై అగ్నెస్ గైయెర్ 1938లో వెలువరించిన పరిశోధనకు ఆధారం ఇలాంటి పీలికలే. బొటనవేలంత బట్టముక్క నుంచి ఒక కాలపు స్త్రీల కట్టును తిరిగి ఊహించగలగడం నిజంగా గొప్ప పని.

అందుచేత మీరు కూడా ముందుగా బ్రోచ్‌ను తిరగేసి చూడండి. అసలువి లోపల డొల్లగా, పలుచగా పోతపోసినవి. సూది తిరిగే కీలు, మొనను పట్టి ఉంచే కొక్కెం లోపలే ఉంటాయి. పోత మందం సరిచూసుకోవడానికి అచ్చులో గుడ్డ పరిచేవారు కనుక, చాలావాటి లోపలి వైపు ఆ నేత జాడ ఇప్పటికీ కనిపిస్తుంది. మీ నకలులో అది కూడా ఉంటే, తయారుచేసినవారు అసలును దగ్గరగా పరిశీలించారని అనుకోవచ్చు. వెనుక చదునుగా ఉండి చిన్న పిన్నీసు అతికించి ఉంటే, అది ముందువైపు నగిషీని మాత్రమే అనుకరించిన వస్తువు.

నకలు అన్నంత మాత్రాన చిన్నచూపు చూడనవసరం లేదు. అప్పటి పోతపనివారు కూడా తయారై ఉన్న బ్రోచ్‌ను మెత్తని మట్టిలో అదిమి కొత్త అచ్చు తీసుకునేవారు. అచ్చు నుంచి అచ్చుకు నగిషీ అంచులు కొంచెం కొంచెంగా మొద్దుబారేవి. ఒకే నమూనా బ్రోచ్‌లు ఐస్‌లాండ్ నుంచి రష్యా దాకా దొరకడానికి ఈ పద్ధతి కూడా ఒక కారణం.

ఇక పట్టుచీర మాటకొస్తే, పెట్టుకోవద్దనే నా సలహా. ఈ సూది ఉచ్చుల్లోంచి దూరడానికి చేసినదే తప్ప బట్టను పొడవడానికి కాదు. పైగా బ్రోచ్ బరువుకు పట్టుపోగులు తెగుతాయి. మందపాటి ఉన్ని శాలువాకు రెండువైపులా దారపు ఉచ్చులు కుట్టించి, వాటికి తగిలించండి. శాలువా పాడవదు, బ్రోచ్‌లు వాటి అసలు తీరులోనే నిలుస్తాయి.