అమ్మాయి ట్రావెల్ కన్సల్టెంట్ అవుతానంటోంది... ఫోన్‌లోనే టికెట్లు దొరుకుతుంటే ఆ ఉద్యోగం నిలుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో బీకాం ఫైనలియర్ చదువుతోంది. బ్యాంకు కోచింగ్‌కు పంపుదామనుకుంటే హైదరాబాద్‌లో ట్రావెల్ కన్సల్టెంట్‌గా చేరతానంటోంది. స్నేహితురాలు పనిచేసే ఆఫీసులో నెలకు 15 వేలు ఇస్తామన్నారట. టికెట్లు బుక్ చేసే పనికి డిగ్రీ ఎందుకని మా బంధువులు నవ్వుతున్నారు. పైగా ఇప్పుడు అందరూ ఫోన్‌లోనే బుక్ చేసుకుంటున్నారు, ఏఐ కూడా వచ్చేసింది. అంతగా ఈ రంగమే కావాలంటే అమీర్‌పేటలో ఏడాది ‘ఏవియేషన్ అండ్ ట్రావెల్’ డిప్లొమా ఉంది. ఫీజు లక్షా 60 వేలు. అప్పు చేసైనా కడతాను. ఆ డిప్లొమా మంచిదా, ఎంబీఏ టూరిజం మంచిదా? పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: డిగ్రీ పరీక్షలు దగ్గరపడేసరికి ఇలాంటి ఉత్తరాలు వరస కడతాయి. ఒక ఏడాది ఫ్యాషన్ డిజైనింగ్, ఒక ఏడాది హోటల్ మేనేజ్‌మెంట్, ఈసారి ట్రావెల్. పోల్చి చెప్పమని రాస్తారు గానీ, చాలామంది నిజంగా అడిగేది ‘నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుందా’ అని. మీ ఉత్తరంలో బంధువుల నవ్వు ఉంది, ఫీజు ఉంది, అప్పు ఉంది. మీ అమ్మాయికి ఈ పని ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క లేదు. అడిగారా అండీ?

ముందు ఫోన్ సంగతి. మీ భయంలో సగం నిజమే. హైదరాబాద్ నుంచి విశాఖకు విమానం టికెట్ కోసం ఎవరూ ఆఫీసు మెట్లెక్కరు. మన దేశంలో విమాన సంస్థలు ఏజెంట్లకిచ్చే కమీషన్‌ను తగ్గించుకుంటూ వచ్చి 2008లో దాదాపు ఎత్తేశాయి. రైలు టికెట్ల ఏజెంట్లదీ అదే దారి. 2025 జులై నుంచి తత్కాల్ తెరుచుకున్న మొదటి అరగంట వాళ్లు బుక్ చేయడానికే లేదు. అంటే ‘టికెట్ కొట్టి ఇస్తాం’ అనే దుకాణానికి రోజులు దగ్గరపడ్డట్టే. మీ బంధువుల మనసులో ఉన్నది ఆ దుకాణం. అక్కడ చేరతానంటే నేనూ వద్దనే అంటాను.

కన్సల్టెంట్ పని అది కాదు. గుంటూరు నుంచి 66 ఏళ్ల ఒకావిడ చికాగోలో ఉన్న కూతురి కాన్పుకు వెళ్లాలనుకోండి. ఒంటరి ప్రయాణం, ఇంగ్లిష్ రాదు, షుగర్ ఉంది. అమెరికాలో ఉన్న కొడుకు రాత్రి రెండింటికి యాప్‌లో చవగ్గా కనపడిన టికెట్ కొనేస్తాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాలి, అక్కడి నుంచి పారిస్, పారిస్ నుంచి అమెరికా. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్ వెళ్లడమంటే షెంగెన్ దేశాల్లోకి, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లోకి, అడుగుపెట్టినట్టే లెక్క. ఆ వీసా లేకపోతే ఆవిణ్ని హైదరాబాద్ చెకిన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. కొనేటప్పుడు ఆ సంగతి కొడుక్కి తట్టదు.

పని తెలిసిన కన్సల్టెంట్ ముందు పాస్‌పోర్ట్ కాపీ అడుగుతుంది. అబుదాబి మీదుగా ఒక్కసారే మారే టికెట్ చూస్తుంది. అక్కడ అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ విమానం ఎక్కకముందే పూర్తవుతుంది, చికాగోలో దిగాక మళ్లీ ఆ క్యూ ఉండదు. కాకపోతే ఆ తనిఖీకి టైమ్ పడుతుంది కాబట్టి మధ్యలో గంటన్నరే ఉన్న టికెట్ తీయదు, ఇంకాస్త వ్యవధి ఉన్నదే తీస్తుంది. వీల్‌చెయిర్, షుగర్ భోజనం టికెట్‌తో పాటే రిక్వెస్ట్ పెడుతుంది. ఇన్సులిన్, డాక్టర్ చీటీ చేతిసంచిలో, ఆవకాయ సీసా పెద్ద పెట్టెలో అని మరీ చెబుతుంది. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లను మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. కాన్పు అటూ ఇటూ అయినా ఇబ్బంది లేకుండా తిరుగు తేదీ మార్చుకోవడానికి వీలున్న ఫేర్ ఎంచుతుంది. ఇందులో టికెట్ కొట్టడం రెండు నిమిషాల పని. మిగతాదంతా ఆవిడతో, కొడుకుతో, కూతురితో మాట్లాడి రాబట్టిందే.

నిబంధనలు ఒకచోట ఆగవు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరుతో ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. కొద్ది రోజుల్లోనే కొన్ని సడలింపులూ వచ్చాయి. ఇంటిపేరు, అసలు పేరు, తండ్రి పేరు కలగలిసిపోయిన పాస్‌పోర్టులు మనవాళ్లలో ఎన్నో. దుబాయ్ ప్రయాణాలున్న ఇళ్లలో అప్పుడు ఎంత టెన్షన్ పడ్డారో వేరే చెప్పక్కర్లేదు. థాయ్‌లాండ్ 2023 నవంబరులో మనకు వీసా తీసేయగానే బ్యాంకాక్ టూర్లకు ఎగబడ్డారు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి జరగగానే కశ్మీర్ బుకింగులు వరసపెట్టి రద్దయ్యాయి. ఇవన్నీ తెలుసుకుంటూ ఉండేవాళ్లకే ఈ పని.

ఇక ప్రయాణం చెడిన రోజు. 2020 మార్చి 25న దేశంలో విమానాలు ఆగిపోయాయి, మళ్లీ ఎగరడానికి రెండు నెలలు పట్టింది. విదేశీ సర్వీసులు పూర్తిగా మొదలైంది 2022 మార్చి 27న. 2023 మే నెలలో గో ఫస్ట్ విమాన సంస్థ ఉన్నట్టుండి ఆగిపోయింది. 2025 డిసెంబరు మొదట్లో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. ఇలాంటప్పుడు యాప్‌లో ‘మీ కాల్ మాకు ముఖ్యం’ అని పాట వినిపిస్తుంది. మనిషి దగ్గర బుక్ చేసుకున్నవాళ్లు ఆ మనిషికి ఫోన్ చేస్తారు, తిట్టడానికైనా సరే. ఏఐ ఐదు రోజుల బాలి ప్లాన్ బ్రహ్మాండంగా రాసిస్తుంది. రేపు మీ అమ్మాయి కూడా దాంతోనే రాయించి, తప్పులు దిద్ది కస్టమర్‌కు పంపుతుంది. రాత్రి పదకొండింటికి బాలిలోని డెన్‌పసర్‌లో కారు రాలేదని ఏడుస్తున్న కుటుంబానికి వేరే బండి పంపించాల్సింది మాత్రం ఇక్కడి మనిషే. కాబట్టి ఉద్యోగం పోతుందన్న బెంగ పెట్టుకోకండి. అది పోయేది టికెట్ తప్ప మరేమీ తెలియనివాళ్లకు.

ఇప్పుడు మీ డిప్లొమా. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి.

బ్లేజర్ వేసుకుని, మెడలో స్కార్ఫ్ చుట్టుకుని, వెనక విమానం బొమ్మతో నిలబడ్డ పిల్లల ఫ్లెక్సీలు అమీర్‌పేట నిండా కనపడతాయి. ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అన్న మాట వాటిమీద తప్పకుండా ఉంటుంది. ఆ ప్లేస్‌మెంట్ ఎక్కడో అడిగితే చాలాసార్లు తేలేది ఎయిర్‌పోర్టులో కాంట్రాక్టు గ్రౌండ్ స్టాఫ్ ఉద్యోగం. అది చెడ్డ పని అనడం లేదు, కానీ మీ అమ్మాయి అడిగింది అది కాదు. ఏడాదంతా నేర్పేదేమిటి? నడక, నవ్వు, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, విమానాశ్రయాల కోడ్లు. హైదరాబాద్‌కు హెచ్‌వైడీ, విజయవాడకు వీజీఏ, విశాఖకు వీటీజెడ్. ఆఫీసులో కూర్చుంటే ఇవి వారంలో నోటికొచ్చేస్తాయి. అసలు నేర్చుకోవాల్సింది బుకింగ్ సిస్టమ్. అమెడియస్, గెలీలియో, సేబర్ అని మూడు పెద్దవి ఉన్నాయి. నల్ల తెరమీద పొట్టి పొట్టి కమాండ్లు కొట్టి సీట్లు, ధరలు, రూల్స్ చూడటం మొదట్లో భయపెడుతుంది, కొన్ని వారాలు రోజూ చేతిలో ఉంటే అలవాటవుతుంది. దానికి ఏడాదీ అక్కర్లేదు, లక్షా 60 వేలూ అక్కర్లేదు.

‘ఐయాటా సర్టిఫికెట్ కూడా ఇస్తాం’ అంటారు. ఐయాటా అంటే విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం, దాని ట్రావెల్ అండ్ టూరిజం ఫౌండేషన్ కోర్సుకు ఆఫీసుల్లో విలువ ఉన్న మాట నిజం. కానీ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేది ఐయాటా, అమీర్‌పేట సంస్థ కాదు. మీరు కట్టే ఫీజులో ఐయాటా రిజిస్ట్రేషన్, పరీక్ష ఫీజు కలిసి ఉన్నాయో లేదో కాగితం మీద రాసిమ్మనండి. ఐయాటా గుర్తించిన శిక్షణ కేంద్రాల జాబితాలో ఆ సంస్థ పేరు ఉందేమో ఐయాటా వెబ్‌సైట్‌లో మీరే చూడండి. పోయిన బ్యాచ్ పిల్లలు ఇద్దరి నంబర్లు అడగండి. నసిగితే లేచి వచ్చేయండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. 15 వేలు జీతం తెచ్చుకుంటానన్న పిల్లను ఆపి, లక్షా 60 వేలు అప్పు చేసి అదే రంగంలోకి పంపుతానంటున్నారు. బీకాం చదువుతున్న అమ్మాయికి ఈ లెక్క ఎలా అర్థం చేయిస్తారు? ‘ఎయిర్‌పోర్ట్ కోర్సు చేస్తోంది’ అంటే బంధువులు నవ్వరని కదా! ఆ నవ్వు ఆపడానికి వడ్డీ కట్టడం ఎందుకండీ?

ఎంబీఏ సంగతి అడిగారు. చదవాలనుకుంటే కేంద్ర పర్యాటక శాఖ కింద ఉన్న ఐఐటీటీఎం అనే విద్యాసంస్థ మంచిది. ప్రధాన కేంద్రం గ్వాలియర్‌లో ఉంది, మనకు దగ్గరగా నెల్లూరులో క్యాంపస్ ఉంది. హైదరాబాద్ గచ్చిబౌలిలో పర్యాటకం, ఆతిథ్య రంగాల చదువులు చెప్పే నిథమ్ ఉంది. కార్పొరేట్ ట్రావెల్ (కంపెనీల ఉద్యోగుల ప్రయాణాలు), ఈవెంట్లు, పర్యాటక శాఖల ప్రాజెక్టుల వైపు పెద్ద హోదాలకు వెళ్లాలంటే ఈ చదువు పనికొస్తుంది. అయితే ఏడాదో రెండేళ్లో పనిచేసి వెళ్లినవాళ్లకు అక్కడ చెప్పేది తలకెక్కినట్టు నేరుగా డిగ్రీ నుంచి వెళ్లినవాళ్లకు ఎక్కదు. పోలిక ఇంతే. పెద్దదిగా రాస్తానని మీరు ఎదురుచూసి ఉంటారు గానీ, ఇప్పటికి మీ అమ్మాయికి ఈ రెండింట్లో ఏదీ అవసరం లేదు.

ఇందాకటి నుంచి మిమ్మల్నే అంటున్నాను, కాస్త అమ్మాయికీ చెప్పాలి. రీల్స్‌లో కనపడే మాల్దీవుల ఫొటోలు చూసి ఈ పని ఎంచుకుంటే నిరాశ తప్పదు. మొదటి రెండేళ్లు ఊళ్లు తిరిగేది కస్టమర్లు, నువ్వు కుర్చీలోనే ఉంటావమ్మా. వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి... ఇంట్లో అందరూ కలిసే రోజుల్లోనే నీకు ఊపిరాడదు. నెలవారీ టార్గెట్ ఉంటుంది. పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా తలనొప్పే. తేదీ మార్చినప్పుడు తేడా ధర తప్పుగా లెక్కేస్తే, కొన్ని నెలల తర్వాత ఆ తేడా కట్టమని విమాన సంస్థ నుంచి ఆఫీసుకు డెబిట్ మెమో వస్తుంది. ఏడీఎం అంటారు. అది వచ్చిన రోజు ఆఫీసు వాతావరణం బాగుండదు. ఆ సొమ్ము జీతంలోంచి కోస్తారా లేదా అన్నది చేరకముందే అడగాలి. కార్పొరేట్ ట్రావెల్ కంపెనీల్లో జీతం మెరుగ్గానే ఉంటుంది, అమెరికా, బ్రిటన్ కస్టమర్ల కోసం రాత్రి షిఫ్టులూ ఉంటాయి. ఇంటిదాకా క్యాబ్ ఇస్తారో లేదో అడగడంలో మొహమాటం వద్దు.

తండ్రిగా మీరు భయపడాల్సింది బంధువుల నవ్వుకు కాదు, ఆఫీసు ఎలాంటిదన్నదానికి. బోర్డు మీద ‘ట్రావెల్స్’ అని రాసుకుని లోపల గల్ఫ్ ఉద్యోగాలు అమ్మేవాళ్లు ఉన్నారు. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా విజిట్ వీసా మీద విమానం ఎక్కించి, అక్కడికెళ్లాక చూసుకోమనే బ్రోకర్ల వల్ల నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు ఎన్ని కుటుంబాలు మునిగాయో పేపర్లు చదివేవాళ్లకు తెలుసు. అలాంటి చోట రసీదుల మీద సంతకం మీ అమ్మాయిదైతే రేపు పోలీసులు అడిగేది ఆమెనే. కాబట్టి ఒకరోజు మీరే హైదరాబాద్ వెళ్లండి. ఆ ఆఫీసుకు జీఎస్టీ నంబరు ఉందా, కస్టమర్ల డబ్బు కంపెనీ ఖాతాలో పడుతోందా, ఉద్యోగుల సొంత ఫోన్‌పేల్లోనా, పనిచేసేవాళ్లు ఎన్నేళ్ల నుంచి ఉన్నారు, ఇవి చూడండి. అరగంట కూర్చుంటే సంగతి తెలిసిపోతుంది.

జీతం గురించి: హైదరాబాద్‌లో కొత్తవాళ్లకు 15 వేలు తక్కువేమీ కాదు, గొప్పా కాదు. హాస్టల్ పోను ఏమీ మిగలదు, మొదటి ఏడాది మీరు కొంత పంపాల్సి రావచ్చు. ఆ డిప్లొమా ఫీజులో చిన్న భాగంతో అది సరిపోతుంది. కస్టమర్లు పేరు పెట్టి అడిగే స్థాయికి వచ్చాక జీతం బేరం వేరేగా ఉంటుంది. కాశీ, చార్‌ధామ్ యాత్రలు పట్టుకున్నవాళ్లు, యూరప్ వీసా ఫైళ్లు తిరస్కరణ రాకుండా తయారుచేయగలిగినవాళ్లు తమ కస్టమర్లతో సొంత ఆఫీసు పెట్టుకున్నారు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. అమెరికా నుంచి వచ్చే కుటుంబాలకు రాజమండ్రిలో గది, కారు, పురోహితుడు ఏర్పాటు చేయగలిగినవాళ్లకు చేతినిండా పనే.

బ్యాంకు పరీక్షలకు ఆమెకు ఇంకా చాలా ఏళ్ల వయసు మిగిలి ఉంది, ఆ తలుపు ఎక్కడికీ పోదు. ఫిబ్రవరి, మార్చి నుంచే వేసవి బుకింగులు ఊపందుకుంటాయి, ఆఫీసులకు మనుషులు కావాల్సింది అప్పుడే. పరీక్షల మధ్య ఖాళీ ఉంటే శని, ఆదివారాలు ఖమ్మంలోనే ఏదైనా మంచి ట్రావెల్ ఆఫీసులో కూర్చోనివ్వండి. కోపంగా ఉన్న కస్టమర్‌తో ఫోన్‌లో మాట్లాడాక కూడా మర్నాడు మళ్లీ వెళ్తానంటే, డిగ్రీ అవగానే హైదరాబాద్ పంపండి. ఒక సీజన్ పూర్తిగా చేశాక, వచ్చే దసరా నాటికి, ఈసారి ఉత్తరం ఆమెనే రాయమనండి. ఐయాటా కోర్సు చేయాలా, నెల్లూరు ఎంబీఏకు వెళ్లాలా అన్నది అప్పుడు ఆమెతోనే మాట్లాడతాను.