హంపీలో రాయల రాజమహల్ ఎక్కడుంది? ఒక్క రోజు చాలుతుందా?

ఉదయగిరి నుంచి పెద్దవాళ్ళతో, పిల్లలతో హంపీ పోతున్నామనీ, రాజులుండిన మహల్ ఏదో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదనీ అడిగారు.

నిలబడి ఉన్న మహల్ ఏదీ లేదండి. రాతి అరుగు కట్టి, దాని మీద కొయ్య స్తంభాలు నిలిపి, పైన కొయ్యతోనే మేడలు వేసుకున్నారు. 1565లో విజయనగరం వాళ్ళు తళ్ళికోట యుద్ధం ఓడిపోయాక, గెలిచిన దక్కన్ సుల్తానుల సేనలు పట్నాన్ని కొల్లగొట్టి తగలబెట్టాయి. కొయ్య కాలిపోయింది, అరుగులు మిగిలాయి. ఈ సంగతి తెలియక చాలామంది ఆ అరుగులున్న రాజప్రాంగణాన్ని పావుగంటలో దాటేసి, లోటస్ మహల్ ముందు ఫొటోలు దిగి అదే మహల్ అనుకుంటారు. అది ఇటుక, సున్నంతో కట్టింది కాబట్టి నిలిచింది, అంతే.

రాజప్రాంగణం లోపలికి పోగానే మహానవమి దిబ్బ అనే ఎత్తయిన రాతి వేదిక ఎక్కండి. మెట్లు ఎత్తుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద చుట్టూ తిరిగి ఏనుగులు, గుర్రాలు, వేట, నాట్యం చెక్కిన వరుసలు చూస్తే చాలు, నష్టపోయేదేమీ లేదు. పైనుంచి చూస్తే అరుగులన్నీ ఇంటి ప్లాను గీసినట్టు కనబడతాయి. కిందికి దిగాక సభామంటపం అరుగు మీదికి పోయి నేలలో గుంటలు లెక్కబెట్టించండి పిల్లల చేత. పది వరుసలు, వరుసకు పది. నూరు కొయ్య స్తంభాలు దిగిన చోట్లవి. పక్కన మెట్లు పైకి పోయి గాల్లో ఆగిపోతాయి, అంటే పైన ఇంకో అంతస్తు ఉండేదన్నమాట. దిబ్బ దగ్గర్లోనే పడుకోబెట్టిన రాతి తలుపులు చూడండి. రాతినే కొయ్య తలుపులా చెక్కారు.

నల్లరాతి మెట్ల కోనేరు 1980లలో తవ్వకాల్లో బయటపడింది. రాళ్ళ మీద చిన్న చిన్న అక్షరాలు, గీతలు ఉంటాయి. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో కూర్చోవాలో తెలిపే గుర్తులవి. లోపలికి దిగనివ్వరు, గట్టు మీద వంగి చూడాలి. తర్వాత హజారరామ దేవాలయం. గోడల నిండా రామాయణమే కాబట్టి పెద్దవాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు, వాళ్ళే మీకు చెబుతారు.

అందరూ చేసే తప్పు పొద్దున్నే విరూపాక్ష గుడికి పోయి, మిట్టమధ్యాహ్నం రాజప్రాంగణానికి రావడం. ఇక్కడ నీడంటూ లేదు, బండలు కాలిపోతుంటాయి. గేటు తీయగానే ఇక్కడికి రండి, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు పెట్టుకోండి. ఎండ ముదిరాక కమలాపురం మ్యూజియంలో కూర్చోవచ్చు. అక్కడ హంపీ మొత్తానికీ చేసిన నమూనా ఉంది, పొద్దున చూసినవి ఎక్కడెక్కడున్నాయో అప్పుడు అర్థమవుతుంది. శుక్రవారం మ్యూజియం మూసేస్తారు.

రాజప్రాంగణానికి టికెట్ లేదు. లోటస్ మహల్ ఆవరణకు ఉంది. అదే టికెట్ అదే రోజు విఠల దేవాలయానికీ మ్యూజియంకీ చెల్లుతుంది, పారేయకండి. 15 ఏళ్ళలోపు పిల్లలకు అక్కర్లేదు. పెద్దవాళ్ళున్నారు కాబట్టి రోజంతటికీ ఒక ఆటో మాట్లాడుకోండి, రాజప్రాంగణానికీ విరూపాక్ష గుడికీ నడుమ మూడు కిలోమీటర్ల పైనే. ఒక రోజులో ముగించవచ్చు గానీ, రెండు రోజులైతే పెద్దవాళ్ళు అలిసిపోరు.

రైలంటే, తిరుపతి నుంచి కొల్హాపూర్ పోయే హరిప్రియ హొసపేటలో దింపుతుంది. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్ళకైతే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది. హొసపేట నుంచి హంపీ 13 కిలోమీటర్లు.

మీరు ఉదయగిరి వాళ్ళు కాబట్టి కృష్ణ దేవాలయాన్ని మాత్రం వదలొద్దు. ఏడాదికి పైగా ముట్టడించి 1514లో రాయలు మీ దుర్గాన్ని ఒడిశా గజపతి రాజుల నుంచి గెలిచారు. అక్కడి బాలకృష్ణుణ్ణి తెచ్చి, ఈ గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించారు. ఆ సంగతి చెప్పే శాసనం గుడి ఆవరణలోనే నిలబెట్టి ఉంది. గర్భగుడి మాత్రం ఖాళీ. మీ ఊరి స్వామి విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది, నెల్లూరు నుంచి పొద్దున బండెక్కితే సాయంత్రానికి చూసి రావచ్చు.