గర్భిణుల బీపీ మీద పరిశోధన చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది నెల్లూరు, బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. చిన్నమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాది. పెద్దమ్మాయికి ఏడో నెలలో ప్రీఎక్లాంప్సియా (గర్భంతో ఉన్నప్పుడు బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) వచ్చి, నెలలు నిండకుండానే కాన్పు చేశారు. అప్పట్నుంచి చిన్నది ఆ జబ్బులో ఇమ్యూన్ మార్కర్ల (రోగనిరోధక వ్యవస్థలో మార్పును రక్తంలో చూపే పదార్థాల) మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. దానికి భవిష్యత్తుందా? ఐటీ కోర్సేదైనా చేయించమంటారా?

జవాబు: పంపండి సార్. కాకపోతే జబ్బు పేరు పట్టుకుని ఇప్పుడే కోర్సు వెతకొద్దనండి. జబ్బును పీహెచ్‌డీలో ఎంచుకోవచ్చు, ఎమ్మెస్సీలో చేతికి పని రావాలి.

ఎందుకంటే ఈ మార్కర్లను కొలిచి, వాటి అర్థం తేల్చడంలోనే చిక్కంతా ఉంది. ఈ తల్లుల రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే రోగనిరోధక ప్రోటీన్లు (సైటోకైన్లు) పెరుగుతాయని, లోపలి వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) అదుపుచేసే ఇంటర్‌ల్యూకిన్-10 తగ్గుతుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. కానీ ఇంటర్‌ల్యూకిన్-6 మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, ఒళ్ళు ఎక్కువున్నా పెరుగుతుంది, పురిటి నొప్పులకూ పెరుగుతుంది. అందుకే ఆసుపత్రి దాకా వచ్చిన పరీక్ష వీటిది కాదు. మాయకు (ప్లాసెంటాకు) సంబంధించిన ఎస్‌ఫ్లిట్-1, పీఎల్‌జీఎఫ్ అనే రెండు ప్రోటీన్ల నిష్పత్తిది. అమెరికాలో మందులు, పరీక్షలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దానికి 2023లో అనుమతిచ్చింది. వాపు మార్కర్లు ఇంకా ఆసుపత్రి బయటే నిలబడి ఉన్నాయి. మీ అమ్మాయికి చేయడానికి పని మిగిలుందనే దీనర్థం.

(మాటలో మాట: పెద్దమ్మాయికి ఏటా బీపీ చూపించడం మానకండి. ఈ జబ్బు వచ్చినవాళ్ళకు తర్వాత బీపీ, గుండెజబ్బుల ముప్పు ఎక్కువ.)

ఎలైజా కిట్‌తో (రక్తంలో ప్రోటీన్లు కొలిచే ల్యాబ్ పరీక్షతో) సైటోకైన్లు కొలవడం కొన్నాళ్ళలో వచ్చేస్తుంది. రక్తం ఎన్నో వారంలో తీశారు, తల్లి బరువెంత, జ్వరముందా అన్నవన్నీ లెక్కలోకి తీసుకుని అసలు తేడా ఎక్కడుందో చెప్పాలంటే గణాంకాలు రావాలి. బయోటెక్ పిల్లలు వాటినుంచే పారిపోతారు. గణాంకాలకు వాడే ‘ఆర్’ (R) అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామింగ్ నేర్పించండి, మీ ఐటీ ముచ్చటా కొంత తీరుతుంది.

జామ్ అనే ప్రవేశ పరీక్షలో బయోటెక్నాలజీ పేపర్ రాస్తే బెంగళూరు ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి ప్రయత్నించొచ్చు. ఎమ్మెస్సీకి గాట్-బీ అనే బయోటెక్నాలజీ ప్రవేశ పరీక్ష మరో దారి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్‌లోనో ఐసీఎంఆర్ పరీక్షలోనో జేఆర్ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం. అదే వయసు ఐటీ పిల్లల జీతంతో పోల్చుకుంటూ కూర్చుంటే మాత్రం ఇంట్లో రోజూ రభసే.

పీహెచ్‌డీ ల్యాబ్ ఎంచుకునేటప్పుడు ప్రసూతి వార్డుకు దారి ఉందా అని చూడాలి. కోరమంగళ సెయింట్ జాన్స్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ మెడికల్ కాలేజీ ఆవరణలోనే ఉంది, అలాంటి చోట్లు నయం. ఎంత పేరున్న ల్యాబైనా గర్భిణుల నమూనాలు అందకపోతే ఈ పని సాగదు.

ఇంటర్వ్యూలో అక్క సంగతి చెప్పుకుంటే శ్రద్ధగానే వింటారు. ఆ వెంటనే, ‘పోల్చడానికి జబ్బు లేని గర్భిణులను ఎలా ఎంచుకుంటావమ్మా?’ అని అడుగుతారు. దానికి జవాబు ఇప్పట్నుంచే ఆలోచించుకోమనండి.