పది అడుగుల గదా, ఇంటి హాలా?

నమస్కారమండీ. విజయనగరంలోని మీ ఇంట్లో పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పది అడుగులే ఉన్న వెనక గదిని పాటలు వినడానికే కేటాయించాలా, లేక ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు గల హాల్లోనే స్పీకర్లు పెట్టుకోవాలా అని అడిగారు. హాలే మేలని నా గట్టి అభిప్రాయం.

కారణం ఆ గది కొలతల్లోనే ఉంది. ఎదురెదురు గోడల మధ్య దూరం ధ్వని తరంగపు పొడవులో సగానికి సమానమైనప్పుడు ఆ స్వరం అక్కడే నిలిచి ఉబ్బుతుంది. పది అడుగులకు అది సుమారు 57 హెర్ట్జ్, అంటే సెకనుకు 57 కంపనాల లోతైన స్వరం, పైగా మూడు కొలతలూ ఒక్కటే కనుక మూడు వైపుల నుంచీ అదే చోట పోగుపడి, బేస్ గిటారు స్వరాల్లో ఒకటి రెండు మాత్రమే గుమ్మని మోగుతూ పైనున్న సన్నని గమకాలను కప్పేస్తాయి. మీ హాల్లో, పైకప్పు అక్కడా పది అడుగులే అనుకుంటే, ఈ ఉబ్బు 28, 48, 57 హెర్ట్జ్‌లుగా విడిపోతుంది.

స్పీకర్లను పన్నెండు అడుగుల గోడ వైపు, గోడకు రెండు మూడు అడుగులు ఎడంగా ఉంచండి. మీ కుర్చీని వెనక గోడకు ఆనించవద్దు. నున్నని టైల్స్ మీద మందపాటి తివాచీ తప్పనిసరి. పొందూరు ఖద్దరు తెరలు ఎంత అందమైనవైనా పలుచన కనుక, కిటికీలకు బరువైన తెరలే వేయించండి.

1919లో సంగీత కళాశాల వెలసిన ఊరిలో పాట ఇంటిల్లిపాది చెవినా పడడం నాకెంతో ఇష్టమైన సంగతి. అయితే పిల్లల చదువుల వల్ల మీకు రాత్రివేళ మాత్రమే తీరిక దొరికేట్లయితే, వెనక గదిలో హెడ్‌ఫోన్లతో వినండి. వాటికి గది కొలతలతో పనిలేదు.