గ్వానకాస్తె మైదానంలోని ఓక్ చెట్టు ఏ జాతి?

కోస్టారికాలోని గ్వానకాస్తెలో, ఎండిన గడ్డి మధ్య కూడా పచ్చగా నిలబడ్డ ఓక్ చెట్టు ఏదని అడిగారు. అది క్వెర్కస్ ఒలియోయిడిస్. అక్కడివాళ్లు ఎన్సినో అంటారు.

చెట్టు ఉన్న చోటే సగం జవాబు చెప్పేస్తుంది. ఆ దేశంలోని మిగతా ఓక్‌లు చల్లటి కొండల మీద పెరుగుతాయి. వేడి మైదానాల్లో అడవులుగా పెరిగేది ఇదే.

ఇక ఒక ఆకు కోసి తిప్పి చూడండి. పైన నిగనిగలాడే ముదురు ఆకుపచ్చ, కింద తెల్లటి బూడిద రంగు నూగు. లెన్స్ పెట్టి చూస్తే ఆ నూగు చిన్న చిన్న నక్షత్రాల్లా ఉంటుంది. ఆకు తోలులా మందం, అంచుకు సాధారణంగా రంపపు పళ్లుండవు. కాయ కాస్త పొడవు, తొడిమ వైపు పొలుసుల టోపీ.

ఇంకా అనుమానముంటే చెట్టు కింద మొలకెత్తిన కాయ ఒకటి వెతకండి. నాకైతే అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు అదే. లోపలి పప్పుబద్దలు రెండూ విడిపోకుండా అతుక్కుని ఉంటాయి. మొలక అడుగున మట్టిలో చిన్న దుంప ఊరుతుంది. వానలు లేని నెలల కోసం మొక్క దాచుకునే తిండి అది. కొండ మీది ఓక్‌లలో ఈ దుంప కనిపించదు.